వడ్డించేవాడు మనవాడైతే

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఉద్యోగాల పేజీ వచ్చిన రోజు నేను ముందు ఆ పేజీయే తిప్పుతాను. మంచి నాయకుడు ఎలా ఉండాలి, టీమ్‌ని ఎలా నడపాలి, ఎదుటివాళ్లు చెప్పేది ఎలా వినాలి, టెన్షన్ పడకుండా నిర్ణయాలు ఎలా తీసుకోవాలి, ఇవన్నీ రాస్తుంటారు, బాగానే ఉంటాయి, కొన్ని కత్తిరించి దాచుకున్నాను కూడా. కానీ ఇన్నేళ్లలో ఒక్క ప్రశ్న మాత్రం అందులో నాకు కనపడలేదు. నిర్ణయం తీసుకునే కుర్చీలో కూర్చున్నాయనకి ఆ నిర్ణయంలో సొంత లాభం ఏమైనా ఉందా? ఉంటే ఆ కాసేపైనా ఆయన కుర్చీలోంచి లేస్తాడా? నేను చూసినంతలో ఆఫీసుల్లో మంచి పనివాళ్లు నీరుగారిపోయేది బాస్ మాట తీరు చూసి కాదు, ఈ ప్రశ్న అడిగే దిక్కు లేక. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి, కానీ అట్టపెట్టెల సంగతి మాత్రం ఉంచండి.

దీనికి పత్రికల్లో 'ప్రయోజనాల సంఘర్షణ' అని రాస్తారు. ఆ మాట చదివితే ఎక్కడో ఇద్దరు కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది గానీ అసలు అక్కడ కొట్లాటే ఉండదు, అంతా స్నేహంగా, నవ్వుతూ, టీ తాగుతూ జరిగిపోతుంది. ఆఫీసుల్లో అయితే 'కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్' అంటాం, ఇండక్షన్ రోజు స్లైడులో ఒకసారి చూసి మర్చిపోతాం. నన్నడిగితే ఈ రెండింటికంటే మన సామెతే నయం: వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదు. ఎంత సరిగ్గా చెప్పారో చూడండి. కానీ ఒకటి గమనించారా, ఈ సామెతని మనం ఎప్పుడూ కోపంగా అనం. కాస్త కుళ్లుతో, కాస్త ఆశతో అంటాం, మనకీ అలాంటివాడు ఒకడుంటే బాగుండు అన్నట్టు. పక్క పంక్తిలో వాడికి ఏం మిగిలిందో ఆ సామెత చెప్పదు, మనమూ అడగం.

ఇక అట్టపెట్టెలు.

నేను 22 ఏళ్లుగా పర్చేజ్, అకౌంట్స్ విభాగాల్లోనే పనిచేస్తున్నాను. ఇప్పుడున్న చోట కాదు, మొదట్లో పనిచేసిన ఒక కంపెనీలో జరిగింది ఇది. అప్పుడు నేను పర్చేజ్‌లో కొత్త. సరుకు ప్యాక్ చేసే అట్టపెట్టెలకి కొటేషన్లు పిలిచారు, రూలు ప్రకారం మూడు రావాలి, మూడూ వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేయడం నా పని. వేస్తూ వేస్తూ ఒక చోట ఆగాను. మొదటి కొటేషన్‌లో 'రిసీట్' అనే ఇంగ్లిష్ మాట స్పెల్లింగ్ తప్పు పడింది, మధ్యలో పీ అక్షరం ఎగిరిపోయింది. రెండోదాంట్లో చూస్తే అందులోనూ పీ లేదు. మూడోదాంట్లోనూ లేదు. లెటర్‌హెడ్లు మూడు రకాలు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. సంతకాలు మూడు రకాలు. తప్పు మాత్రం ఒక్కటే. పేమెంట్ షరతు దగ్గర వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టాల్సిన చోట కామా పెట్టారు, అదీ మూడింట్లోనూ. ముగ్గురు వేరువేరు వ్యాపారులు ఒకే తప్పు ఒకే చోట చేయడం నేను అంతకుముందు చూడలేదు.

పక్క టేబుల్ సీనియర్ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని మూడు కాగితాలూ చూశారు, నా వంక చూశారు. "బాగానే పట్టావు. అది సార్ బావమరిది గారి కంపెనీ. మిగతా రెండు కొటేషన్లు కూడా ఆయనే వేయించి పంపుతారు పాపం, మనకి తిరిగే శ్రమ లేకుండా. నువ్వు ఎవరిది తక్కువ ఉందో చూసి సంతకం పెట్టు, అంతవరకే నీ పని" అన్నారు. పెట్టాను. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్ ఇంకా అవలేదు, ఇవన్నీ సాకులు. పెట్టాను.

మీరు ఇక్కడ ఒక దుర్మార్గుణ్ణి ఊహించుకుంటుంటే ఆగండి. మా మేనేజర్ గారంటే ఆఫీసులో అందరికీ గౌరవం. పొద్దున్న అందరికంటే ముందు వచ్చేవారు. ఎవరింట్లోనైనా ఒంట్లో బాగోలేదంటే సెలవు కాగితం కూడా అడగకుండా పంపేసేవారు. కంపెనీ పెన్ను ఇంటికి పట్టుకెళ్లిన మనిషి కాదు. బావమరిది సంగతి ఆయన దాచలేదు కూడా, ఒకసారి భోజనాల దగ్గర తనంతట తనే అన్నారు, "బయటివాడైతే ఇంత తక్కువకి ఇస్తాడా? మనవాడు కాబట్టి మార్జిన్ లేకుండా వేస్తున్నాడు" అని. నిజమే, మొదటి ఏడాది రేటు తక్కువే. ఆయన తన వల్ల కంపెనీకి మేలు జరుగుతోందని మనస్ఫూర్తిగా నమ్మారు. నేను ఆయన్ని తప్పు పట్టడానికి కాదు ఇది రాస్తున్నది, ఆ నమ్మకం ఎంత ప్రమాదమో చెప్పడానికి.

మూడో ఏడాదికి అట్ట పలచబడింది. రేటు అదే, పెట్టె అదే సైజు, చేత్తో నొక్కితే లోపలికి పోయేది. లోడింగ్ కుర్రాళ్లు పెట్టె ఎత్తితే అడుగు విడిపోయి సరుకు కాళ్ల మీద పడేది. వాళ్లేం చేశారంటే ఎవరికీ చెప్పకుండా ప్రతి పెట్టెకీ అడుగున టేపు రెండు వరసలు వేయడం మొదలుపెట్టారు. టేపు ఖర్చు రెట్టింపైంది, ఆ ఇండెంట్, అంటే సరుకు కొనమని అడిగే కాగితం, నా టేబుల్ మీదకే వచ్చింది, నేను పాస్ చేశాను. సరుకు బాగాలేకపోతే స్టోర్స్ వాళ్లు రిజెక్షన్ నోట్ రాయాలి కదా, నెలలు గడిచినా ఒక్కటీ రాలేదు, ఎందుకంటే ఆ పెట్టెలు ఎవరివో గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు. చివరికి స్టోర్స్‌లో ఒకబ్బాయి రాశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాతి నెల డ్యూటీ చార్టులో అతని పేరు నైట్ షిఫ్ట్‌లోకి మారింది, అంతే. అది మేనేజర్ గారు చెప్పి చేయించారా అంటే, లేదనే నా నమ్మకం. ఆయన కింద ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు, సార్ మనసులో ఏముందో సార్ కంటే ముందే కనిపెట్టే రకం, అది అతని పని. నోరు విప్పి ఆర్డర్ ఇవ్వాల్సిన అవసరమే ఉండదండీ పైవాళ్లకి. వాళ్ల బంధువు ఎవరో కింద అందరికీ తెలిస్తే చాలు, మిగతాదంతా భయమే చక్కబెట్టుకుంటుంది.

అందుకే "ఆయన నిజాయితీపరుడండీ, అలా చేయడు" అన్న మాట నాకు ఇప్పుడు వినబుద్ధి కాదు. నిజాయితీపరుడా కాదా అన్నది ఆయన సొంత వ్యవహారం. ఆఫీసు అడగాల్సింది ఆయన ఏ కుర్చీలో కూర్చుని ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడన్నదే.

మనుషులందరికీ ఒక జబ్బుంది, తన మీద ఏదీ పనిచేయదనుకోవడం. అమెరికాలో శిక్షణలో ఉన్న డాక్టర్లని మందుల కంపెనీ ప్రతినిధుల గురించి అడిగిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. వాళ్లలో 61 శాతం మంది, ఆ ప్రతినిధులూ వాళ్ల కానుకలూ మా మందుల చీటీ మీద ఏ ప్రభావమూ చూపవన్నారు. మరి మీ తోటి డాక్టర్ల సంగతేంటి అని అడిగితే, వాళ్ల మీదా ప్రభావం ఉండదన్నవాళ్లు 16 శాతమే. అంటే నేను పడను, పక్కవాడు పడతాడు. ఇది డాక్టర్ల లెక్కే గానీ ఏ మీటింగ్ రూమ్‌లో పెట్టి అడిగినా లెక్క మహా అయితే కాస్త అటూ ఇటూ అవుతుందనుకుంటాను. మా మేనేజర్ గారు ఆ 61లో ఉండేవారు. నేనూ ఉండేదాన్నే, ఎలా ఉన్నానో చివర్లో చెబుతాను.

సరే, బంధుత్వం ఉంటే ముందే చెప్పేస్తే సరిపోతుంది కదా అంటారు చాలామంది. కంపెనీలు కూడా ఇక్కడితో ఆగిపోతాయి, ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే పని అయిపోయిందనుకుంటాయి. నేనూ అలాగే అనుకునేదాన్ని, 2005లో డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చువేసిన ఒక ప్రయోగం గురించి చదివేదాకా. ఒక జాడీ నిండా చిల్లర నాణేలు పెట్టారు. అందులో ఎంత డబ్బుందో ఒకరు అంచనా వేయాలి, వాళ్లకి జాడీ దూరం నుంచే కనపడుతుంది. దగ్గర్నుంచి చూసి సలహా ఇచ్చేవాళ్లు ఇంకొకరు. మెలిక ఏంటంటే, కొందరు సలహాదారులకి ఎదుటివాళ్లు ఎక్కువ అంచనా వేస్తే ఎక్కువ డబ్బు ముడుతుంది. వాళ్లు పెంచి చెప్పారు, అందులో వింతేం లేదు. వింత ఏంటంటే, "నాకు ఇందులో లాభం ఉంది" అని ముందే బయటపెట్టిన సలహాదారులు, బయటపెట్టనివాళ్లకంటే ఇంకా ఎక్కువ పెంచి చెప్పారు! చెప్పేశాం కదా, ఇక జాగ్రత్త పడాల్సింది వాడే అన్న ధీమా కాబోలు. విన్నవాళ్లు ఏమో తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు. ఇది చదివాక మా మేనేజర్ గారు భోజనాల దగ్గర బావమరిది సంగతి అంత తేలిగ్గా ఎందుకు చెప్పగలిగారో నాకు అర్థమైంది. చెప్పడంతో ఆయన గుండె తేలికపడింది. బరువు మా మీద పడింది, ఎందుకంటే ఇక మాకు తెలియదని కూడా అనడానికి లేదు.

చెప్పడం సగమే. రెండో సగం లేవడం. లేవడమంటే మళ్లీ చాలామందికి తెలిసింది ఒక్కటే, తన కాగితం వచ్చినప్పుడు గుమ్మం బయటికి వెళ్లి అయ్యాక వచ్చి కూర్చోవడం. దీని మీద మన సుప్రీం కోర్టు 1969లోనే తేల్చేసిన కేసు ఒకటుంది, ఏ.కె. క్రైపాక్ కేసు, లా చదివినవాళ్లందరికీ తెలుసు, ఆఫీసుల్లో మాత్రం ఎవరికీ తెలియదు. జమ్మూ కశ్మీర్‌లో అటవీ అధికారులని ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి ఎంపిక చేయడానికి ఒక సెలక్షన్ బోర్డు వేశారు. ఆ బోర్డులో సభ్యుడిగా కూర్చున్న ఒక పెద్ద అధికారి తను కూడా ఆ ఎంపికకి అభ్యర్థే. తన పేరు చర్చకి వచ్చినప్పుడు ఆయన కూర్చోలేదు, ఆ మర్యాద పాటించారు. కానీ పోటీలో ఉన్నవాళ్ల పేర్లు వచ్చినప్పుడు కూర్చున్నారు, ఎవరు ముందు ఎవరు వెనక అన్న జాబితా వేసేటప్పుడూ కూర్చున్నారు. జాబితా వచ్చింది, అందులో ఆయన పేరు అందరికంటే పైన ఉంది. కేసు కోర్టుకెళితే మిగతా సభ్యులు, ఆయన మమ్మల్ని ఏ రకంగానూ ప్రభావితం చేయలేదని అఫిడవిట్లు వేశారు. కోర్టు ఒప్పుకోలేదు. పదిమంది కూర్చుని మాట్లాడుకునే చోట ఒకరి మాట ఇంకొకరి మీద పనిచేయకుండా ఉండదని, అందులో విషయం బాగా తెలిసిన మనిషైతే మరీనని, పక్షపాతం కంటికి కనపడకుండా పనిచేస్తుందని చెప్పి ఆ ఎంపికని కొట్టేసింది. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ అఫిడవిట్ల సంగతే. వాళ్లు అబద్ధం చెప్పి ఉండరు, వాళ్లకి నిజంగానే తెలిసి ఉండదు.

ఇంకా వెనక్కి పోతే ఇంగ్లండ్‌లో 1852 నాటి కేసు ఒకటి. లార్డ్ చాన్స్‌లర్ కాటన్‌హామ్ అంటే ఆ దేశపు న్యాయవ్యవస్థలో పెద్ద తలకాయ, ఆయన ఒక కాలువల కంపెనీకి అనుకూలంగా తీర్పిచ్చారు. ఆ కంపెనీలో ఆయనకి వాటాలున్నాయని తర్వాత తేలింది. అప్పట్లో ఆఖరి కోర్టు కూడా అయిన అక్కడి పార్లమెంటు పై సభ ఆ తీర్పు రద్దు చేసింది, చేస్తూ ఏమందంటే, ఆయన ఆ వాటాల వల్ల రవ్వంతైనా ప్రభావితుడయ్యాడని ఎవరూ అనుకోరు, అయినా తన కేసులో తనే జడ్జిగా కూర్చోకూడదు అని. ఆయన నిజాయితీని ఒప్పుకుంటూనే లేవమన్నారు! మన దగ్గర ఎవరినైనా లేవమంటే వెంటనే "అంటే నన్ను దొంగ అంటున్నావా" అనేస్తారు, ఇక మాట ముందుకి సాగదు. లేవమనడం తిట్టు కాదని మనకి ఎవరూ నేర్పలేదు.

పెద్ద కంపెనీలు కూలిన కథల్లో ఇది ఉంటూనే ఉంది. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌లో 1999లో ఏం జరిగిందంటే, ఆర్థిక వ్యవహారాల పెద్ద ఆండ్రూ ఫాస్టో సొంతంగా పెట్టుకున్న భాగస్వామ్య సంస్థలు ఎన్‌రాన్‌తోనే లావాదేవీలు చేయడానికి వీలుగా, బోర్డే కూర్చుని తమ ప్రవర్తనా నియమావళిని ఆయన మటుకు పక్కన పెట్టింది. ఆయన దాచలేదు, అడిగాడు, వాళ్లు ఇచ్చారు. బేరంలో ఆయన ఆ వైపూ ఉన్నాడు, ఈ వైపూ ఉన్నాడు, మూడు కోట్ల డాలర్లకి పైగా సంపాదించుకున్నాడు, 2001 డిసెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది, వేలమంది ఉద్యోగాలు పోయాయి. సత్యం కంప్యూటర్స్ సంగతి తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2008 డిసెంబర్ 16న చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలని కొనడానికి బోర్డు ఒప్పుకోవడం, ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టేసరికి గంటల్లో వెనక్కి తగ్గడం, మూడు వారాలకి అసలు లెక్కలే తప్పన్న ఉత్తరం. అందరూ ఆ ఉత్తరం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ డిసెంబర్ మీటింగ్ గుర్తొస్తుంది, అంత చదువుకున్న పెద్దమనుషులు టేబుల్ చుట్టూ కూర్చుని, కొనేదీ అమ్మేదీ ఒకే ఇంటివాళ్లని తెలిసీ సరేనన్నారు కదా, నా ప్రొబేషన్ సంతకానికీ ఆ సరేకీ పెద్ద తేడా లేదు.

అన్ని చోట్లా అలాగే ఉందని కూడా అనను. 2025లో అమెరికాలో కోల్స్ అనే పెద్ద స్టోర్ల కంపెనీ జనవరిలో చేరిన సీఈఓని మే నెల మొదట్లోనే తీసేసింది. తనకి వ్యక్తిగత సంబంధం ఉన్న ఒకరి సంస్థకి అసాధారణమైన షరతులతో వ్యాపారం ఇప్పించాడని, ఆ సంబంధం చెప్పలేదని విచారణలో తేలడమే కారణం. నాలుగు నెలలు నిండలేదు. బోర్డు తలచుకుంటే ఎంత తొందరగా అవుతుందో చూడండి.

కానీ సీఈఓల గొడవ మనలో ఎంతమందికి? మనకి తగిలేవి చిన్నవి. రోజూ తగిలేవి. బయటివాళ్లకి ఇదంతా కొటేషన్ల దగ్గర జరుగుతుందనిపిస్తుంది గానీ దానికి చాలా ముందే, అవసరం రాసేటప్పుడే అయిపోతుంది. స్పెసిఫికేషన్‌లో ఒక చిన్న కొలత, "ఇలాంటి సరఫరాలో అయిదేళ్ల అనుభవం" అనే ఒక లైను కలిపితే చాలు, ఆ కొలత ఎవరి మెషీన్‌లో వస్తుందో వాళ్లొక్కరే మిగులుతారు. సాయంత్రం ఆఫీసు మూసేముందు ఎంక్వైరీ పంపి మర్నాడు మధ్యాహ్నానికే రేట్లు కావాలంటే, సంగతి ముందే తెలిసినవాడు తప్ప ఎవడు ఇవ్వగలడు? ఆర్డర్ విలువ పైవాళ్ల అనుమతి దాకా పోతుందనుకుంటే దాన్ని నాలుగు ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కా తన సంతకంతోనే అయిపోయేట్టు. ఇంకా తొందరైతే ఫైలు మీద 'అర్జెంట్' అని రాస్తారు. 22 ఏళ్లలో నేను చూసిన అర్జెంట్‌లలో సగం ఎవరో కావాలని ఆలస్యం చేసి తెచ్చిన అర్జెంట్‌లే.

డబ్బు లేని చోట కూడా ఉంటుంది ఇది, బహుశా అక్కడే ఎక్కువ నొప్పి పెడుతుంది. రోజూ తనతో కారులో వచ్చే స్నేహితుడికి తనే అప్రైజల్ రాయడం. తన మాట మీద ఉద్యోగం నిలిచే మనిషితో ప్రేమ వ్యవహారం, అది ఇద్దరి ఇష్టమే అయినా మిగతా టీమ్‌కి వచ్చే ఏడాది రేటింగుల మీద నమ్మకం ఎలా ఉంటుంది? ఆదివారాలు సొంతంగా బీమా పాలసీలు అమ్ముకునే బాస్ సోమవారం తన కిందివాళ్లకి బ్రోషర్ ఇస్తే, 'ఇష్టమైతేనే' అన్న మాటకి అర్థం ఉందా? ఏడాదిన్నరగా తనే బిల్లులు పాస్ చేసిన కాంట్రాక్టర్ దగ్గరే రిటైరయ్యాక సలహాదారుగా చేరబోతున్నాయన, ఆ చివరి ఏడాది బిల్లుల్లో ఎన్ని ప్రశ్నలు అడుగుతాడు? అన్నిటికంటే విచిత్రం ఫిర్యాదు దారి. డిపార్ట్‌మెంట్ హెడ్ మీద ఫిర్యాదు చేయాలంటే హెచ్ఆర్‌కి రాయాలి, ఆ హెచ్ఆర్ మేనేజర్ ఇంక్రిమెంట్ ఆ హెడ్ చేతిలో ఉంటుంది. ఫిర్యాదుల పెట్టె గోడకి వేలాడుతూ ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో చూస్తే చాలు ఆ ఆఫీసు గురించి తెలిసిపోతుంది.

ఇక నా సంగతి చెబుతానన్నాను.

ఆరేళ్ల కిందట మా ఇప్పటి ఆఫీసులో ఒక అసిస్టెంట్ పోస్టుకి ఇంటర్వ్యూలు జరిగాయి. ప్యానెల్‌లో ముగ్గురం, నేనొకదాన్ని. వచ్చినవాళ్లలో మా అక్క కొడుకు ఉన్నాడు. నేను రమ్మనలేదు, తనే అప్లై చేశాడు, చేశాక చెప్పాడు. నేను ప్యానెల్‌లో మిగతా ఇద్దరికీ ముందే చెప్పాను, "మా పిల్లాడు, నేను మార్కులు వేయను" అన్నాను, ఎంత గొప్పగా అనిపించిందో అప్పుడు నాకు. వాడి వంతు వచ్చినప్పుడు బయటికెళ్లి కారిడార్‌లో నిలబడ్డాను, వాటర్ కూలర్ దగ్గర. అయ్యాక లోపలికొచ్చి మిగతా వాళ్లందరికీ యథావిధిగా మార్కులు వేశాను. వాళ్లలో ఒకమ్మాయి నాకు బాగా గుర్తు. జవాబులు చకచకా చెప్పింది, మా సాఫ్ట్‌వేర్ తెలుసు. ఆమె రెజ్యూమేలో రెండేళ్ల గ్యాప్ ఉంది. దాని గురించి అడిగింది నేనే. ఇంకోసారి అడిగింది కూడా నేనే. గ్యాప్ ఉన్నవాళ్లు ఆ రోజు ఇంకా ఉన్నారు, వాళ్లని అన్నిసార్లు అడిగానా అంటే అడగలేదు. ఇది నాకు ఆ రోజు తట్టలేదు, ఒట్టు. మా వాడికి ఉద్యోగం వచ్చింది, బాగానే చేస్తున్నాడు, ఎవరూ వేలెత్తి చూపలేదు. క్రైపాక్ కేసు గురించి మొదటిసారి చదివినప్పుడు ఆ అధికారి చేసిందీ నేను చేసిందీ అచ్చం ఒకటేనని చూసుకుని, పేపర్ మడిచి పక్కన పెట్టేశాను. ఆ అమ్మాయి పేరు నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కూడా బాధగానే ఉంది.

కాబట్టి నేను అడిగేవి కొన్ని ఉన్నాయి, అవి పైనుంచి నీతులు చెబుతున్నవాళ్లు అడిగేవి కావు, ఒకసారి జారినవాళ్లు అడిగేవి. తన వాళ్లు బరిలో ఉన్నారంటే ఆ మనిషి మొత్తం పంక్తి నుంచే లేవాలి, ఒక్క విస్తరి దగ్గర్నుంచి కాదు. తన బదులు కూర్చునేవాళ్లు తన కిందివాళ్లు కాకూడదు, బాస్ బావమరిది కొటేషన్‌ని బాస్ అసిస్టెంట్ పరిశీలిస్తే దాన్ని పరిశీలన అనరు. లేచాక "ఆ ఫైలు ఎంతవరకు వచ్చింది" అని కారిడార్‌లో కూడా అడగకూడదు, నిజానికి ఇదే అన్నిటికంటే కష్టం. ఎవరెవరు ఏయే ఫైళ్ల నుంచి తప్పుకున్నారో ఒక రిజిస్టర్ ఉండాలి, అది ఉద్యోగులు ఎవరైనా తిరగేసి చూసుకునేట్టు ఉండాలి, బీరువాలో కాదు. ఇంకా ఫిర్యాదు ఎవరి మీద అయితే వాళ్ల జీతం రాసే మనిషికో, వాళ్ల దగ్గర జీతం తీసుకోని మనిషికో వెళ్లాలి. చిన్న ఆఫీసుల్లో ఇవన్నీ కుదరవంటారు, ఉన్నదే పదిమంది, ఎక్కడినుంచి తెస్తాం అంటారు. అది కొంతవరకు నిజమే, కాదనను. అలాంటి చోట కనీసం కాగితం మీద రాసి, గోడకి అంటించి, అందరి ముందూ నిర్ణయం తీసుకోవచ్చు. గోడకి పండగ సెలవుల జాబితా అంటిస్తున్నాం కదా.

మీ పేజీలో వ్యాసాలు రాసే నిపుణులకి కూడా ఒక మనవి. ఈసారి నాయకత్వం మీద రాసేటప్పుడు, తన నిర్ణయం నుంచి తనే తప్పుకున్న ఒక మేనేజర్ గురించి రాయండి, ఎవరైనా ఉంటారు, వెతకండి. ఎలా చెప్పాడు, ఎవరిని కూర్చోబెట్టాడు, ఇంట్లో బావమరిదికి ఏమని జవాబిచ్చాడు. ఆ చివరి ముక్క నిజంగా తెలుసుకోవాలని ఉంది నాకు.

మా ఆఫీసులో ఏటా ఇచ్చే డిక్లరేషన్ ఫారం పోయిన నెల మళ్లీ వచ్చింది. 'సంస్థలో గానీ, సంస్థతో వ్యాపారం చేసేవారిలో గానీ మీ బంధువులు ఉన్నారా' అని ఒక గడి. ఏటా అందరం అందులో 'నిల్' అని రాసి, చివరి పేజీలో సంతకం పెట్టి ఇచ్చేస్తాం, చదవం కూడా. నేనూ అయిదేళ్లు అలాగే ఇచ్చాను. ఈసారి మా అక్క కొడుకు పేరు రాశాను, చేరిన తేదీ రాశాను, ఆ ప్యానెల్‌లో నేను ఉన్నానని కింద ఒక లైను రాశాను. గడి సరిపోక మార్జిన్‌లోకి వచ్చింది. ఫారం తీసుకున్న కుర్రాడు పేజీలు లెక్కపెట్టుకుని, సంతకం ఉందో లేదో చూసుకుని కట్టలో పెట్టేశాడు. ఇప్పటిదాకా ఎవరూ నన్ను పిలవలేదు.

ఇట్లు,
ఒక పర్చేజ్ విభాగం ఉద్యోగిని
(పేరు ప్రచురించవద్దని మనవి)